మన్యపు నీడ, బల్లుల మనుగడ

చోడవరమునుండి వడ్డాది మీదుగా మాడుగుల చేరి, అచ్చటినుండి పాడేరు ఘాటు నెక్కు ప్రయాణికుడు ఒక్క పూటలోనే రెండు వేర్వేరు వాతావరణములను చూడగలడు. క్రింద శారదానది తడుపు మైదానమున చెరకుతోటలును, బెల్లపు గానుగలును, గోవాడ చక్కెర కర్మాగారమును, చైత్రవైశాఖములలో నిప్పులు చెరుగు ఎండయు. పైన, సముద్రమట్టమునకు ఇంచుమించు తొమ్మిదివందల మీటర్ల ఎత్తున, కాఫీతోటలును, సిల్వర్ ఓక్ చెట్లును, గెడ్డల (కొండవాగుల) వెంబడి పట్టపగలే చీకటి కమ్మినట్లుండు అడవియు, పుష్యమాసపు వేకువలలో గడ్డిపై పేరుకొను మంచును. చోడవరము నిన్నమొన్నటివరకు విశాఖపట్టణము జిల్లాలో నుండెను. 2022 ఏప్రిల్ నుండి అది అనకాపల్లి జిల్లాలో చేరగా, పాడేరు మన్యము అల్లూరి సీతారామరాజు జిల్లా అయ్యెను. మనుష్యులు గీచిన ఈ ఎల్లలు మైదానపు తొండకుగాని, మన్యపు బల్లికిగాని తెలియవు. వాని నడుమ ఎల్లను ఉష్ణము గీచినది. ఆ ఎల్ల ఇప్పుడు మెల్లమెల్లగా కొండమీదికి జరుగుచున్నది. అది జరిగినకొలది మీది ప్రాణులకు ఏమగునో పరిశీలించుటకే ఈ అధ్యాయము.

క్రింది వానిని గూర్చి ఎక్కువగా చెప్పనక్కరలేదు. చెరకుతోట గట్టున కంచెపై కూర్చుండి తల పైకెత్తి దించుచు, తొలకరినాటికి గొంతును మెడను ఎఱ్ఱగా చేసికొని పోటీదారుని బెదరించు తొండను ఎఱుగని బాలుడు ఈ ప్రాంతమున ఉండడు. తొండ ముదిరి ఊసరవెల్లి యగునని మన పెద్దలు సామెత చెప్పిరిగాని, జంతుశాస్త్రమున ఆ రెండును వేర్వేరు కుటుంబములకు చెందినవి. ఎంత ముదిరినను తొండ తొండయే. ఎండను వాడుకొనుట దానికి పుట్టువిద్య. ప్రొద్దుపొడుపున ఎండకు మేను కాచుకొనును. వేడి మితిమీరినచో కొమ్మచాటునకు జరుగును. చల్లబడినంతనే మరల వెలికి వచ్చును. ఎండకును నీడకును నడుమ ఇట్లు రాకపోకలు చేయుచు దేహోష్ణమును తనకు కావలసిన మేరలో నిలుపుకొనును. రాతిగుట్టలపై నివసించు తొండలును ఈ నేర్పు కలవియే.

మీది వాని సంగతి వేఱు. పందొమ్మిదవ శతాబ్దిలో సైనికోద్యోగియై వచ్చి, పిమ్మట మద్రాసు రాజధాని అటవీశాఖకు అధిపతియైన కర్నల్ రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్, వృక్షములతో ఆగక, పాములను, బల్లులను, నత్తలనుగూడ సేకరించి వర్ణించిన మహాపరిశ్రమశీలి. ఆయన 1870లో విశాఖపట్టణము సమీపపు కొండలనుండి కాళ్ళులేని, పామును పోలిన ఒక నలికండ్లపామును వర్ణించి దానికి సెప్సోఫిస్ అను ప్రత్యేక ప్రజాతినే కల్పించెను. 1877లో ఒడిశాలోని జయపురము కొండలలో 4,200 అడుగుల ఎత్తున దొరికిన ఒక చిన్న నేలబల్లిని వర్ణించెను. అటుపిమ్మట నూట ముప్పది ఏండ్లకు పైగా ఈ రెండును శాస్త్రలోకమునకు మరల కనబడలేదు. ఇవి నశించినవేమో యని అనుమానించు దశలో, మన శతాబ్దమున భారతీయ పరిశోధకులు ఓపికతో కొండ లెక్కి, రాళ్ళను కదలించి, రాత్రులు దీపములతో వెదకి వీనిని తిరిగి కనుగొనిరి. నేలబల్లి ఒడిశాలోని దేవమాలి కొండమీదను, మన అరకు ప్రాంతపు గాలికొండమీదను దొరకెను. సెప్సోఫిస్ పునర్దర్శన వృత్తాంతము 2013లో ప్రకటితమయ్యెను. ఇట్టి కాళ్ళులేని నలికండ్లపాములు భారతదేశమున రెండే ప్రజాతులలో ఉన్నవి; రెండవది బార్కూడియా, దానిలో ఒక జాతి మన విశాఖపట్టణ పరిసరములకే పరిమితము. ఇన్ని అపురూపములు మన ముంగిట నుండగా, మన పాఠ్యపుస్తకములు ఎక్కడివో దేశాంతర జంతువుల చిత్రములతో నిండియుండుట నాకు మిక్కిలి బాధ కలిగించుచుండును.

జయపురపు నేలబల్లి గోడబల్లివంటిది కాదు. గోడను పట్టుకొను మెత్తలు దాని వ్రేళ్ళకు లేవు. ఎండ నెన్నడును కాచుకొనదు. పగలు రాళ్ళక్రిందను, రాలుటాకుల పొరక్రిందను దాగి, రాత్రి నేలపై నడచి చిన్నపురుగులను తినును. అడవి గాలి ఎంత వేడియో దాని దేహమును ఇంచుమించు అంతే వేడి. తొండ ఉష్ణమును ఏరుకొనును. ఇది ఉష్ణమునకు లోబడును. చెట్లు పట్టిన గొడుగు, ఆకులు పరచిన పడక, రాయి దాచిన తేమ, ఈ మూడింటిని మించిన రక్షణ దానికి లేదు.

లోబడుటలోని ప్రమాదము తెలియవలెనన్న బల్లి దేహధర్మమును కొంత విచారింపవలెను. మనము తిను ఆహారములో పెద్దపాలు దేహమును వెచ్చగా నుంచుటకే వ్యయమగును. బల్లికి ఆ వ్యయము లేదు, అందుచేతనే అది కొలది పురుగులతో దినము గడపగలదు. కాని ఆ పొదుపునకు మూల్యముగా దాని పరుగు, వేట, జీర్ణము, గర్భమున గ్రుడ్డు ఎదుగుట అన్నియు బయటి వేడికి కట్టుబడియున్నవి. ఒక బల్లిని వేర్వేరు ఉష్ణోగ్రతలలో పరుగెత్తించి, దాని వేగమును కాగితముపై గీతగా గీచినయెడల, ఆ గీత చలి వైపునుండి నిదానముగా పైకి ప్రాకి, శిఖరమును చేరి, వేడి వైపున నిట్టనిలువుగా కూలును. మిక్కిలి చురుకుగా నుండు ఉష్ణోగ్రతకును, ప్రాణము పోవు ఉష్ణోగ్రతకును నడుమ కొలది డిగ్రీలు మాత్రమే యుండును. చలిదేశపు బల్లి సాధారణముగా ఆ గీతలో ఎక్కుడు వైపున బ్రదుకుచుండును గనుక, రెండు డిగ్రీలు పెరిగిన అది శిఖరమునకు చేరువ యగును, లాభమే పొందవచ్చును. ఉష్ణమండలపు అడవిబల్లి ఇప్పటికే శిఖరముమీద నున్నది. దానికి ముందున్నది దిగుడే.

ఈ విచారణకు బీజము 1967లోనే పడినది. ఆ ఏట డేనియల్ జాన్జెన్ అను జీవశాస్త్రజ్ఞుడు, ఉష్ణమండలపు కొండదారులు ప్రాణులకు ఇతర దేశముల కొండదారులకన్న ఎత్తైనవని వాదించెను. మీటర్లలో కాదు, అనుభవములో. శీతదేశపు లోయలోని ప్రాణి ప్రతి సంవత్సరమును గడ్డకట్టు చలిని, మండు వేసవిని చూచియుండును గనుక కొండమీది చలి దానికి క్రొత్త కాదు; ఏడాది పొడవునను ఒకే విధమగు వెచ్చదనమున బ్రదుకు ప్రాణికి కొండ యెక్కుటయన్న ఎన్నడెఱుగని దేశమునకు పోవుటయే. 2009లో రేమండ్ హ్యూయీయు, ఆయన సహచరులును ఈ భావమును బల్లులకు అన్వయించిరి. కరీబియన్ సముద్రములోని ప్యూర్టోరికో దీవి అడవులలో అనోలిస్ బల్లులను గూర్చి 1970ల నుండి కూర్చిన కొలతలను పరిశీలించి, నీడలో బ్రదుకు బల్లులు ఎండ కాచుకొనవనియు, తక్కువ వేడినే కోరుననియు, వేడిని సహించు శక్తియు వానికి తక్కువయనియు, వేసవిలో కొన్ని చోట్ల వాని దేహోష్ణము కోరుకొను మేరను ఇప్పటికే మించుచున్నదనియు చూపిరి. వారు చెప్పిన రెండవ మాట ఇంతకన్న ముఖ్యమైనది: అడవి వేడెక్కినకొలది, బయలు నేలల బల్లులు లోపల ప్రవేశించి, అచ్చటివానితో ఆహారమునకై పోటీపడుటయు, వానిని తినివేయుటయు జరుగగలదు.

ప్యూర్టోరికో న్యాయమును మన మన్యమునకు ఉన్నదున్నట్లు తగిలించుట మాత్రము తగదు. లంబసింగి, మినుములూరు ప్రాంతములలో శీతకాలపు రాత్రి ఉష్ణోగ్రత సున్నకు సమీపించు దినములు కలవు. వేసవి పగలు అదే కొండ వెచ్చబడును. ఋతుభేదము ఇంతగా నున్న చోటి ప్రాణికి భూమధ్యరేఖా ప్రాంతపు ప్రాణికన్న ఓర్పు కొంత యెక్కువ యుండుట సహజము. మైదానపు తొండ ఈ మార్పును తట్టుకొనుననియే నా అభిప్రాయము. అది చాల ప్రాంతములలో వ్యాపించిన గట్టి జాతి. నా బెంగయంతయు గెడ్డ ప్రక్కల చెమ్మనేలను నమ్ముకొని, కొలది కొండలకే పరిమితమైన ఆ చిన్నప్రాణులను గూర్చియే.

వేడి బల్లిని ఎట్లు చంపునని అడిగినచో, ఎండకు మాడి చచ్చుట అరుదు. పస్తుండి చచ్చుట తరచు. మెక్సికోలో బారీ సినర్వోయు, ఆయన సహచరులును ముండ్లపొలుసుల బల్లులలో 48 జాతులను 200 స్థలములలో తిరిగి వెదకిచూడగా, 1975 తరువాత నూటికి 12 చోట్ల అవి నశించియుండెను. చెట్లు, ఆకులు, అడవి అచ్చటనే యున్నను బల్లి లేదు. కారణము వెదకుటకై బల్లి దేహమువలె వేడెక్కు నమూనాలలో ఉష్ణమాపకములనమర్చి ఎండలో ఉంచిరి. బల్లులు నశించిన చోట్ల, గ్రుడ్లో పిల్లలో గర్భమున ఎదుగు వసంతమాసములలో, వెలికి వచ్చిన దేహము మితిమీరి వేడెక్కు గంటలు ఎక్కువగా నుండెను. మాఘము దాటిన పిదప చెరకు నరకు కూలీ ఎండ ముదురకముందే కత్తి దించి చెట్టు క్రిందికి చేరునుగదా. అట్టి దినము ఒకటి గడచిన కూలి తగ్గును, అట్టి నెలలు వరుసగా గడచిన ఇల్లు గడవదు. బల్లియు అంతే. దాగియుండు ప్రతిగంటయు తినని గంట. పైగా దేహోష్ణము పది డిగ్రీలు పెరిగిన విశ్రాంతిలోని ప్రాణియు ఇంచుమించు రెండింతలు శక్తిని వ్యయపరచును. రాబడి తగ్గును, ఖర్చు పెరుగును. తల్లి బ్రదుకును గాని గ్రుడ్లు పెట్టదు. 2010లో సైన్స్ పత్రికలో ప్రకటించిన ఈ పరిశోధన, ఉద్గారములు ఇట్లే సాగినచో 2080 నాటికి ప్రపంచమున బల్లుల స్థానిక సముదాయములలో నూటికి 39, జాతులలో నూటికి 20 నశింపగలవని అంచనా కట్టినది. అంచనా అంచనాయే, కాని దానికి ఆధారమైన మెక్సికో కొండలు ఖాళీయగుట జరిగిపోయిన సంగతి.

రాత్రి తిరుగు బల్లికి ఎండతో నిమిత్తమేమని కొందరు అందురు. దానికి సమాధానము కోస్టారికాలోని లా సెల్వా అడవినుండి వచ్చినది. గొడ్డలి సోకని ఆ రక్షిత వృద్ధారణ్యమున, నేలపై రాలుటాకులలో నివసించు కప్పలును బల్లులును 35 ఏండ్లలో నూటికి 75 వంతుల వరకు తగ్గినవని 2007లో స్టీవెన్ విట్‌ఫీల్డ్, ఆయన సహచరులు ప్రకటించిరి. శీతోష్ణములు మారుటచే రాలుటాకుల పొర పలుచబడి, దానిని ఇల్లుగా చేసికొన్న ప్రాణులు దిక్కులేనివైనవని వారి ఊహ. ఎండ తగులకుండగనే, ఎవ్వరును చంపకుండగనే, ఇల్లు క్రమముగా కరగిపోయినది. జయపురపు నేలబల్లి ఇల్లును అదియే.

ఇక కొండల ఎత్తును గూర్చి ఒక చిన్న లెక్క. వేయి మీటర్లు పైకెక్కిన ఆరు డిగ్రీలకు పైగా చల్లదనము వచ్చును. అనగా వాతావరణము ఒక డిగ్రీ వేడెక్కిన, ప్రాణి తన పాత చల్లదనమును పొందుటకు ఇంచుమించు 160 మీటర్లు పైకి జరుగవలెను. బెడ్డోమ్ బల్లిని చూచిన 4,200 అడుగులు 1,280 మీటర్లు. మూడు డిగ్రీలు పెరిగినచో అది 1,750 మీటర్లకు పైబడిన చోటునకు పోవలెను. మన మన్యమునగాని, ప్రక్కనున్న కోరాపుట్ కొండలలోగాని అంత ఎత్తైన శిఖరమే లేదు. దేవమాలి 1,672 మీటర్లు. ప్రాణి కొంత ఓర్చుకొనగలదు గనుక ఈ లెక్క నిక్కచ్చిది కాదు, కాని దిక్కు ఏదో చెప్పుచున్నది. మూడు డిగ్రీలు పెద్దమాటయని కొట్టివేయుటకును వీలులేదు: భారత ప్రభుత్వ భూవిజ్ఞాన మంత్రిత్వశాఖ 2020లో వెలువరించిన నివేదిక ప్రకారము 1901–2018 మధ్య దేశపు సగటు ఉష్ణోగ్రత ఇప్పటికే 0.7 డిగ్రీలు పెరిగినది. ఉద్గారములు అడ్డులేక పెరిగినయెడల ఈ శతాబ్దాంతమునకు మొన్నటి సగటుపై 4.4 డిగ్రీలు పెరుగగలదు. పైగా కొండ పైకి పోయినకొలది సన్నబడును. మిగులు నేల ఎత్తులోనే కాక వైశాల్యములోగూడ తగ్గును. ఒక కొండ శిఖరమునుండి మరియొక కొండ శిఖరమునకు, నడుమనున్న వేడి లోయను దాటి, వ్రేలెడు నేలబల్లి పోలేదు. మన మన్యమున బాక్సైట్ ఖనిజము పేరుకొనియున్నదియు ఈ కొండల నెత్తిమీదనే. చల్లదనమునకై ప్రాణులు చివర చేరవలసిన చోటును, గని త్రవ్వకమునకు మొదట కన్నుపడు చోటును ఒకటియగుట మన మన్యపు దురదృష్టము.

చెట్టునీడ అడవి వేడెక్కు వేగమును చాలవరకు ఆపగలదు. తూర్పు కనుమల అడవి చాలమేర ఆకురాల్చునట్టిది. మాఘఫాల్గుణములలో ఆకు రాల్చి, ఎండ ముదురు చైత్రమున పలుచని కప్పుతో నిలుచును. ఆ రెండుమూడు నెలలు, మామిడి, నేరేడు వంటి పచ్చని చెట్లు మూసియుండు గెడ్డ లోయలే ఈ ప్రాణులకు ఆశ్రయము. సరిగా ఆ నెలలలోనే అడవిలో నిప్పు ప్రాకును. పోడు వ్యవసాయమునే నేరముగా చూపు వారితో నేను ఏకీభవింపను; నరికిన నేలను చిరకాలము బీడువిడిచి అడవి తిరిగి పెరుగనిచ్చిన తరముల పద్ధతి అది. బీడుకాలము కుదించుకొనిపోయి, ఒక కొండవాలుననే మరల మరల నిప్పు పెట్టవలసివచ్చిన నేటి దుస్థితి వేఱు. ఆ నిప్పులో రాలుటాకుల పొరయు, దానిలోని పురుగులును, గ్రుడ్లును బూడిద యగును. కాఫీతోట దీనికన్న మేలు. నీడ యుండును, ఆకులు రాలును, నేల తడియారదు. అయితే సిల్వర్ ఓక్ ఒక్కటే నీడనిచ్చు తోట కన్న, నాటు చెట్లు కలగలిసిన తోట నేలప్రాణికి ఉత్తమము. అదిగాక ఒకేజాతి నీడ ఎంత పెళుసుదో 2014 అక్టోబరు 12న విశాఖ తీరమును దాటిన హుద్‌హుద్ తుఫాను చూపినది. అనంతగిరి, అరకు తోటలలో నీడచెట్లు కూలి, కాఫీమొక్కలు ఒక్కసారిగా ఎండపాలయ్యెను. సముద్రము వేడెక్కినకొలది తుఫానుల ఉగ్రత పెరుగునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు గనుక, నీడను ఒకేజాతిపై పెట్టుకొనుట తెలివి కాదు.

నీడ తరిగిన చోటికి తొండ వచ్చును. ఘాటు రోడ్డు అంచులు, పోడుచెలకలు, నరికిన వాలులు దానికి మెట్లు. ఆ మెట్లమీద ఎక్కివచ్చి, మన్యపు అడవి అంచున పురుగులను పట్టి తినును. చిన్న బల్లి చిక్కినచో దానినిగూడ మ్రింగును. రాత్రిసంచారియైన నేలబల్లికన్న, పగటివేళ రాలుటాకులలో తిరుగు నలికండ్లపాములకు ఈ పోటీ నేరుగా తగులును. తొండకు ఇందు అపరాధమేమియు లేదు. దానికి దారి వేసినది మనము.

తొండకుగూడ చిక్కు లేకపోలేదు. ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయ పరిశోధకులు తొండగ్రుడ్లను వేర్వేరు ఉష్ణోగ్రతలలో పొదిగించి, తక్కువ వేడిలో ఆడపిల్లలు, కొంచెము పెరిగిన మగపిల్లలు, ఇంకను పెరిగిన మరల ఆడపిల్లలు, ఆపైన మరల మగపిల్లలు ఎక్కువగా పుట్టుదురని ప్రకటించిరి. తల్లి గ్రుడ్లను పాతిపెట్టు మట్టి వేడెక్కినయెడల పుట్టు తరములో ఆడ మగల పాళ్ళు ఎటు వ్రాలునో ఊహించుట కష్టము.

ప్రాణులు మార్పునకు అనుగుణముగా మారవా అను ప్రశ్నకు, మారును, కాని అన్నియు కావు, అన్ని దిక్కులను కావు అని సమాధానము. ప్యూర్టోరికోనుండి ఫ్లారిడాలోని మయామికి చేరిన అనోలిస్ బల్లులు కొలది దశాబ్దములలోనే అచ్చటి చలిని ఓర్చుకొన నేర్చినవని మాన్యుయెల్ లియాల్, అలెక్స్ గండర్సన్ 2012లో చూపిరి. చలి నోర్చుట నేర్చినంత సులభముగా, అత్యధికమైన వేడి నోర్చుట బల్లులు నేర్చినట్లు కానరాదు. జాతుల మధ్య చలిని సహించు మేర విస్తారముగా మారుచుండగా, వేడిని సహించు మేర స్వల్పముగానే మారుచున్నది. కావున దేహము మారునని కాచుకొని కూర్చుండుటకన్న, నీడను కాపాడుట మన చేతిలోని పని.

చోడవరము, మాడుగుల, పాడేరు కళాశాలలలో జంతుశాస్త్రము చదువు విద్యార్థులకు నాదొక మనవి. ఘాటుక్రింది గ్రామమునుండి కొండ నెత్తివరకు ఇన్ని మీటర్లకొకటి చొప్పున చోట్లు గుర్తించి, ఏటేట అవే నెలలలో, అవే వేళలలో, కనబడిన తొండలను, బల్లులను, నలికండ్లపాములను లెక్కించి, గాలి వేడిని, రాలుటాకుల మందమును నోటుపుస్తకమున వ్రాసియుంచుడు. ప్రాణిని పట్టవలదు, చంపవలదు. ఎత్తిన రాతిని యథాస్థానమున దింపుడు. పది ఏండ్లు సాగిన అట్టి పుస్తకము ఏ ఉపగ్రహమును ఇయ్యలేని సమాచారమును ఇచ్చును. మన్యపు రైతులకు నా విన్నపము మరియొకటి: గెడ్డ కిరువైపుల పచ్చని చెట్లను నిలుపుడు, కాఫీతోటలలో సిల్వర్ ఓక్‌తోపాటు నాటు చెట్లను నాటుడు, వేసవిలో రాలుటాకులకు నిప్పు పెట్టకుడు.